గ్రనోలా చరిత్ర: ఒకే పేరు, రెండు ఆహారాలు

పందొమ్మిదో శతాబ్దపు అమెరికా సంఘసంస్కరణ ఉద్యమాలను చదివేటప్పుడు బానిసత్వ నిర్మూలన, మద్యపాన నిషేధం, స్త్రీల హక్కులు అనే మూడింటికీ మనం ప్రధానంగా చోటిస్తాం. వాటి పక్కనే నడిచిన ఆహార సంస్కరణోద్యమాన్ని పాఠ్యగ్రంథాలు తరచు ఒక పేరాతో సరిపెడతాయి. నిజానికి ఈ నాలుగు ఉద్యమాలలోనూ పనిచేసినవారు చాలావరకు ఒకే మనుషులు. ఉదయం బానిసత్వానికి వ్యతిరేకంగా ప్రసంగించిన వ్యక్తి సాయంత్రం కాఫీకి, మాంసానికి, తెల్లపిండికి వ్యతిరేకంగా ప్రసంగించేవాడు. ఆ ప్రసంగాలు గాలిలో కలిసిపోయాయి కానీ, వాటి నుంచి పుట్టిన ఒక తిండి పేరు మాత్రం ఈనాటికీ దుకాణాల్లో వినిపిస్తోంది. ఆ పేరు గ్రనోలా. ఈ భాగంలో దాని చరిత్రను పరిశీలిద్దాం.

ఈనాడు గ్రనోలా అంటే ఓట్స్, బాదం, అక్రోటు వంటి పప్పులు, గింజలు కలిపి, తేనె, కొద్దిగా నూనె పట్టించి, ఓవెన్‌లో కరకరలాడేలా కాల్చిన మిశ్రమం. పాలలోనో పెరుగులోనో వేసుకుని తింటారు. ఊరికే గుప్పెడు నోట్లో వేసుకునేవారూ ఉన్నారు. దీని పెట్టె మీద ఒకటిన్నర శతాబ్దాల సంప్రదాయం అని రాసి ఉంటే మనం నమ్మవచ్చా? పేరు వరకు నమ్మవచ్చు. పెట్టెలో ఉన్న పదార్థం విషయంలో నమ్మకూడదు. 1863లో ఈ పేరుకు మూలమైన ఆహారంలో ఓట్స్ లేవు, పప్పులు లేవు, నూనె లేదు, తేనె లేదు. ఒక మాట అలాగే ఉండి, దాని వెనుక వస్తువు పూర్తిగా మారిపోవడం చరిత్రలో తరచుగా జరిగేదే. పేరు కొనసాగినంత మాత్రాన వస్తువు కొనసాగినట్లు కాదనే హెచ్చరికను మీరు దృష్టిలో ఉంచుకుని ముందుకు చదవాలి.

తెల్లపిండి మీద యుద్ధం

కథ కొంచెం వెనుక నుంచి మొదలుపెట్టాలి. సిల్వెస్టర్ గ్రహమ్ (1794-1851) కనెక్టికట్ రాష్ట్రంలో పుట్టిన ప్రెస్బిటీరియన్ మతబోధకుడు. మద్యపాన వ్యతిరేక ప్రచారంతో మొదలుపెట్టి క్రమంగా ఆహారం వైపు మళ్ళాడు. ఆయన కాలానికి అమెరికా నగరాలు పెరుగుతున్నాయి. ఇంట్లో రొట్టె చేసుకునే కుటుంబాలు బజారు రొట్టెకు అలవాటు పడుతున్నాయి. బజారు రొట్టె తెల్లగా, మెత్తగా ఉండేది. గోధుమ పొట్టును, మొలకభాగాన్ని తీసేసిన పిండితో చేసిన ఆ రొట్టె దేవుడు కలిపి ఇచ్చినదాన్ని మనిషి విడదీయడమేనని గ్రహమ్ వాదించాడు. గోధుమను పొట్టుతో సహా ముతకగా విసరాలన్నాడు. ఆయన పేరుమీదుగానే అలాంటి పిండికి గ్రహమ్ పిండి అనే పేరు స్థిరపడింది. 1837లో రొట్టె తయారీ మీద ఆయన ఒక గ్రంథం ప్రచురించాడు. అదే ఏడాది బోస్టన్‌లో ఆయన ఉపన్యాసాన్ని అడ్డుకోవడానికి రొట్టెల వ్యాపారులు గుంపుగా వచ్చి గొడవచేశారు. రొట్టె గురించి మాట్లాడితే కొట్లాటలు జరిగిన కాలమది!

గ్రహమ్ వాదంలో ఈనాటి పోషకాహార శాస్త్రం ఒప్పుకునే అంశం ఒకటుంది, ముడిధాన్యం మంచిదని. అయితే ఆయన అలా అనడానికి కారణం పీచుపదార్థం కాదు. మసాలాలు, మాంసం, మద్యం, కాఫీ, తీపి పదార్థాలు శరీరాన్ని ఉద్రేకపరచి కామవికారాలను రెచ్చగొడతాయని ఆయన నమ్మకం. రుచిలేని తిండి తింటే మనసు అదుపులో ఉంటుందన్నది సిద్ధాంతం. సరైన సలహాను తప్పు కారణంతో ఇచ్చినవారిని చరిత్రకారుడు ఎలా అంచనా వేయాలి? నా అభిప్రాయంలో సలహాను, కారణాన్ని విడివిడిగా నమోదు చేయడమే న్యాయం. గ్రహమ్‌ను ఈనాటి పోషకాహార నిపుణులకు పితామహుడని పొగిడేవారు మొదటి సగాన్నే చూస్తున్నారు. ఆయన్ని వెర్రివాడని తీసిపారేసేవారు రెండో సగాన్నే చూస్తున్నారు.

డాన్స్‌విల్‌లో గ్రాన్యులా

జేమ్స్ కేలబ్ జాక్సన్ (1811-1895) న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన రైతుబిడ్డ. యౌవనంలో బానిసత్వ నిర్మూలన సంఘాల తరఫున ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చాడు, పత్రికలు నడిపాడు. ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిన్నప్పుడు జలచికిత్స తీసుకుని కోలుకున్నాడు. దానితో ఆయన జీవితం మలుపు తిరిగింది. చన్నీటి స్నానాలు, తడిగుడ్డల పట్లు, నీరు త్రాగడం ద్వారా రోగాలు నయంచేసే ఈ పద్ధతిని సైలీషియా ప్రాంతంలో విన్సెంజ్ ప్రీస్నిట్జ్ ప్రచారంలోకి తెచ్చాడు. గాంధీజీ శ్రద్ధగా చదివి ఆచరించిన లూయీ కూనే, అడాల్ఫ్ యూస్ట్‌ల ప్రకృతి చికిత్స కూడా ఈ జర్మన్ సంప్రదాయానికి చెందినదే. కాబట్టి డాన్స్‌విల్ మనకు మరీ పరాయి ఊరేమీ కాదు.

1858లో జాక్సన్ న్యూయార్క్ రాష్ట్రంలోని డాన్స్‌విల్ అనే ఊళ్ళో ఒక జలచికిత్సాలయాన్ని చేతికి తీసుకున్నాడు. కొండవాలు మీద ఉండటం వల్ల దానికి ‘కొండవాలు మీద మన ఇల్లు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అక్కడ మందులు లేవు. మాంసం, మద్యం, పొగాకు, టీ, కాఫీ నిషిద్ధం. ఆయన దత్తపుత్రిక హారియట్ ఆస్టిన్ స్వయంగా వైద్యురాలు. నడుమును బిగించే లోదుస్తులు, నేలమీద ఈడ్చుకుపోయే గౌనులు స్త్రీల ఆరోగ్యాన్ని చెడగొడుతున్నాయని చెప్పి, వాటికి బదులు పొట్టి గౌను, పైజామా వంటి దుస్తులను ప్రచారం చేసిన స్త్రీ ఆమె. అమెరికన్ రెడ్‌క్రాస్ స్థాపకురాలు క్లారా బార్టన్ కూడా ఆ తరువాత కొన్నేళ్ళు డాన్స్‌విల్‌లో నివసించింది. ఆ సంస్థ తొలి స్థానిక శాఖ 1881లో ఆ ఊళ్ళోనే ఏర్పడింది. ఒక చిన్న ఊళ్ళో ఇన్ని ఉద్యమాల దారులు కలిశాయన్నది మీరు గుర్తుంచుకోదగ్గ విషయం.

1863లో జాక్సన్ తన రోగులకోసం ఒక కొత్త ఆహారం తయారుచేయించాడు. గ్రహమ్ పిండిని నీటితో కలిపి, పల్చటి పలకలుగా పరచి, ఎండుగట్టేదాకా పొయ్యిలో కాల్చారు. ఆ పలకలను విరగ్గొట్టి మళ్ళీ కాల్చారు. మళ్ళీ చిన్న ముక్కలుగా పొడిచేశారు. చిన్న రేణువు అని అర్థమిచ్చే లాటిన్ మాట ఆధారంగా దానికి గ్రాన్యులా అని పేరు పెట్టారు. ఒకరకంగా చూస్తే అది రెండుసార్లు కాల్చిన గోధుమ నూక. పళ్ళకు లొంగదు. రాత్రంతా పాలలోనో నీళ్ళలోనో నానబెడితే తప్ప తినడం సాధ్యంకాదు. ఉప్పూ తీపీ ఏమీ లేని ఈ ముక్కలను అమెరికాలో తయారైన తొలి చల్లని అల్పాహార ధాన్యం అంటారు. చల్లని అని ఎందుకంటున్నామంటే, అంతవరకు ఉదయపు ధాన్యాహారమంటే పొయ్యిమీద ఉడికించిన జావే. పొద్దున్నే పొయ్యి వెలిగించకుండా గిన్నెలో పోసుకుని తినగలిగే తిండి ఆనాటికి పూర్తిగా కొత్త. అది అంతర్యుద్ధం జోరుగా సాగుతున్న సంవత్సరం, లింకన్ బానిస విమోచన ప్రకటన అమలులోకి వచ్చిన సంవత్సరం కూడా.

బాటిల్ క్రీక్‌లో అక్షరం మారింది

సెవెంత్ డే అడ్వెంటిస్టు క్రైస్తవ శాఖ అదే కాలంలో రూపుదిద్దుకుంటోంది. మన ప్రాంతం విద్యార్థులకు ఈ శాఖ పేరు కొత్తకాదు. నూజివీడులోని గిఫర్డ్ స్మారక వైద్యశాల వారిదే. ఆ శాఖ స్థాపకులలో ఒకరైన ఎలెన్ వైట్ శాకాహారాన్ని, మితాహారాన్ని మతధర్మంలో భాగంగా బోధించింది. ఆమె, ఆమె భర్త 1864లో డాన్స్‌విల్ వెళ్ళి జాక్సన్ పద్ధతులను స్వయంగా చూశారు. రెండేళ్ళ తరువాత, 1866లో, మిషిగన్ రాష్ట్రంలోని బాటిల్ క్రీక్‌లో అడ్వెంటిస్టులు తమ సొంత ఆరోగ్య సంస్థను ప్రారంభించారు. వైట్ దంపతుల సాయంతో వైద్యం చదువుకున్న జాన్ హార్వీ కెల్లాగ్ (1852-1943) 1876లో దాని బాధ్యత తీసుకుని, కొద్దికాలంలోనే దాన్ని బాటిల్ క్రీక్ శానిటోరియంగా పేరు మార్చి దేశమంతటా ప్రసిద్ధం చేశాడు.

కెల్లాగ్ కూడా ఒక ధాన్యపు ఆహారం తయారుచేయించాడు. గోధుమ, ఓట్స్, మొక్కజొన్న పిండ్లను కలిపి, బిస్కట్లుగా కాల్చి, పొడిచేసి, దానికి కూడా గ్రాన్యులా అనే పేరే పెట్టాడు. పిండిపదార్థాన్ని ఎక్కువసేపు కాలిస్తే కొంతభాగం డెక్స్‌ట్రిన్‌గా మారి సులభంగా జీర్ణమవుతుందని ఆయన అభిప్రాయం. జాక్సన్ అభ్యంతరం చెప్పాడు. న్యాయపరమైన చిక్కు తప్పదని తేలడంతో, 1880ల తొలినాళ్ళలో కెల్లాగ్ ఒక అచ్చు మార్చాడు. గ్రాన్యులా కాస్తా గ్రనోలా అయింది. ఒక ట్రేడ్‌మార్క్ తగాదా నుంచి తప్పించుకోవడానికి చేసిన ఈ చిన్న సవరణే ఈనాటి మాటకు మూలం. తొలిసారి వాడిన మనిషికి పేరు దక్కలేదు. దాన్ని తీసుకుని కొద్దిగా వంచినవాడిదే చివరికి నిలిచింది.

ఇక్కడ ఒక పేరు తప్పక చెప్పుకోవాలి. జాన్ హార్వీ భార్య ఎల్లా ఈటన్ కెల్లాగ్ (1853-1920) శానిటోరియంలో ప్రయోగాత్మక వంటశాల నడిపింది. మాంసం, మసాలా లేకుండా రోగులు తినగలిగే వంటకాలను కనిపెట్టడం, వంట నేర్పే తరగతులు నడపడం ఆమె పని. 1892లో వంటలోని శాస్త్రం మీద ఆమె ఒక పెద్ద గ్రంథం ప్రచురించింది. పేటెంట్లు, కర్మాగారాలు, కోర్టు కేసులు అన్నీ మగవాళ్ళ పేర్లతో నమోదయ్యాయి కాబట్టి అల్పాహార ధాన్యాల చరిత్ర ఇద్దరు అన్నదమ్ముల కథగా మిగిలింది. పిండి కలిపిన చేతులకు పేటెంట్ కార్యాలయంలో దస్త్రాలుండవు. దస్త్రాలున్న చోటే చరిత్ర ఉందనుకుంటే మనం ఎంత నష్టపోతామో ఎల్లా కెల్లాగ్ ఉదాహరణ చెబుతుంది.

ఆ తరువాతి పరిణామాలు చాలామందికి తెలిసినవే కనుక త్వరగా చెప్పుకుందాం. 1894లో ఉడికించిన గోధుమను రోలర్ల మధ్య నొక్కి రేకులుగా చేయడం కెల్లాగ్ సోదరులకు సాధ్యమైంది, 1896లో దానికి పేటెంట్ లభించింది. 1891లో శానిటోరియానికి రోగిగా వచ్చిన సి. డబ్ల్యు. పోస్ట్ అక్కడి ఆహారాలు గమనించి వెళ్ళి, 1897లో గ్రేప్‌నట్స్ అనే ధాన్యాహారాన్ని అమ్మకానికి పెట్టాడు. అందులో ద్రాక్ష లేదు, పప్పు లేదు. రెండుసార్లు కాల్చిన గట్టి గింజల్లాంటి ఆ పదార్థం రూపంలోను, గుణంలోను జాక్సన్ గ్రాన్యులాకు నిజమైన వారసురాలు. అంటే అసలు వస్తువు వేరే పేరుతో బతికింది, పేరేమో వస్తువు లేకుండా మిగిలింది. తమ్ముడు విల్ కీత్ కెల్లాగ్ 1906లో సొంత కంపెనీ పెట్టి మొక్కజొన్న రేకులకు చక్కెర కలిపాడు. చక్కెర విషమని నమ్మిన అన్నకు ఇది ద్రోహంగా తోచింది. వారి మధ్య వ్యాజ్యం 1920లో తమ్ముడికి అనుకూలంగా ముగిసింది. గ్రనోలా అనే పాత ఉత్పత్తి ఈ సందడిలో క్రమంగా మరుగున పడింది.

జాన్ హార్వీ గురించి మరో సంగతి చెప్పకుండా ముందుకు వెళ్ళడం సరికాదు. శరీరశుద్ధి గురించి అంతగా పట్టించుకున్న ఈ వైద్యుడు జాతిశుద్ధి సిద్ధాంతానికి కూడా గట్టి ప్రచారకుడు. ‘జాతి మెరుగుదల’ పేరుతో తొలి జాతీయ సమావేశం 1914లో బాటిల్ క్రీక్‌లోనే జరిగింది. యోగ్యులకే సంతానం ఉండాలనే ఆ వాదం అమెరికాలో బలవంతపు సంతాననిరోధక శస్త్రచికిత్సల చట్టాలకు బలమిచ్చిన ఆలోచనాధోరణిలో భాగం. కొన్ని పుస్తకాలు ఆయన ఆహార సిద్ధాంతాలను ఒక అధ్యాయంలోను, ఈ సంగతిని అనుబంధంలోను పెడతాయి. రెండింటినీ కలిపి చదవాలని నా వాదన. శుద్ధమైన ఆహారం, శుద్ధమైన దేహం, శుద్ధమైన జాతి అనే మూడు మెట్లూ ఆయన మనసులో ఒకే నిచ్చెనకు చెందినవి. శుద్ధి అనే మాట మన సమాజంలో ఎవరిని పంక్తికి దూరం పెట్టిందో తెలిసిన విద్యార్థికి ఈ నిచ్చెన వెంటనే అర్థమవుతుంది.

ఓట్స్ వేరే దారిలో వచ్చాయి

ఈనాటి గ్రనోలాలో ముఖ్యభాగమైన ఓట్స్‌కు ఈ కథతో చాలాకాలం పెద్ద సంబంధం లేదు. ఇంగ్లండులో ఓట్స్ గుర్రాల దాణా. 1755లో వెలువడిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువు, ఇంగ్లండులో గుర్రాలు తినేదాన్ని స్కాట్లండులో మనుషులు తింటారనే అర్థంలో ఈ గింజను ఎగతాళి చేసింది. అమెరికాలోనూ అదే చిన్నచూపు. జర్మనీ నుంచి వలసవచ్చిన ఫెర్డినాండ్ షుమాకర్ 1850లలో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో ఓట్స్ మిల్లు పెట్టి, వలసవచ్చిన జర్మన్లు, స్కాట్లకు అమ్మడంతో మొదలుపెట్టాడు. అదే రాష్ట్రంలోని రవెన్నాలో ఒక మిల్లు 1877లో క్వేకర్ బొమ్మను ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేసింది. హెన్రీ క్రోవెల్ ఆ మిల్లును కొని, ఓట్స్‌ను గోనెసంచుల నుంచి తీసి ముద్రించిన అట్టపెట్టెల్లో పెట్టి ప్రకటనలతో అమ్మాడు. 1901లో క్వేకర్ ఓట్స్ కంపెనీ ఏర్పడింది.

ఓట్స్ గింజ పొట్టు తీసి, ఆవిరి పట్టించి, రోలర్ల మధ్య నొక్కితే రోల్డ్ ఓట్స్ వస్తాయి. వడ్లను నానబెట్టి, వేయించి, దంచి అటుకులు చేయడం తెలిసిన మనకు ఇది కొత్త తర్కం కాదు. రెండుచోట్లా వేడి, తడి, ఒత్తిడి కలిసి గింజను పల్చటి రేకుగా మారుస్తాయి. ఆవిరికి మరో ప్రయోజనం కూడా ఉంది. మిగతా ధాన్యాలకంటే ఓట్స్‌లో కొవ్వు ఎక్కువ. ఆ కొవ్వును విడగొట్టే ఎంజైమును వేడితో ఆపకపోతే గింజ త్వరగా కనరు వాసన పడుతుంది. రైళ్ళమీద వేలమైళ్ళు వెళ్ళి, కొట్టు బీరువాలో నెలల తరబడి ఉండవలసిన సరుకుకు ఈ శుద్ధి అత్యవసరం.

ఐరోపాలో ఓట్స్‌ను పప్పులతో జతచేసిన వైద్యుడు మాక్సిమిలియన్ బిర్చర్ బెన్నర్ (1867-1939). ఆయన స్విట్జర్లండులోని జూరిక్‌లో 1900 ప్రాంతంలో నానబెట్టిన ఓట్స్, తురిమిన ఆపిల్, నిమ్మరసం, పప్పులు కలిపి రోగులకు ఇచ్చాడు. దాన్నే మ్యూస్లీ అంటారు. అందులో ప్రధానమైనది పండు, ఓట్స్ ఒక చెంచాడే. అది కాల్చనిది, కరకరలాడనిది. గ్రనోలాకు, మ్యూస్లీకి ఉన్న ప్రధానమైన తేడా ఇదే కాబట్టి రెండింటినీ కలగాపులగం చేయకూడదు.

తేనె ఎప్పుడు చేరింది?

రెండో గ్రనోలా 1960లలో పుట్టింది. వియత్నాం యుద్ధం, పౌరహక్కుల పోరాటం, పురుగుమందుల మీద భయం, పెద్ద కంపెనీల మీద అపనమ్మకం కలిసిన ఆ దశాబ్దంలో యువతలో ఒక వర్గం పెట్టెలో వచ్చే తెల్లరొట్టెను, రంగుల చక్కెర ధాన్యాలను కూడా నిరాకరించింది. ఊరిబయట సమష్టి నివాసాలు, సహకార దుకాణాలు ఏర్పడ్డాయి. ఆ దుకాణాల్లో ఓట్స్, గింజలు, తేనె పీపాల్లోంచి తూచి అమ్మేవారు. కొట్లోని తెల్ల చక్కెర కర్మాగారానికి గుర్తు, తేనె ప్రకృతికి గుర్తు. ఆ నమ్మకంతోనే తేనె గ్రనోలాలోకి వచ్చింది. శరీరం రెండింటినీ చాలావరకు చక్కెరలుగానే చూస్తుందనే సంగతి ఆ ఉత్సాహంలో పక్కకుపోయింది.

ఎవరు మొదట చేశారన్నదానికి ఒక్క జవాబు లేదు. లేటన్ జెంట్రీ అనే దేశదిమ్మరి ఓట్స్ గ్రనోలా తయారీ విధానాన్ని 1964లో టెనెసీ రాష్ట్రంలోని సోవెక్స్ అనే చిన్న ఆరోగ్యాహార సంస్థకు 3,000 డాలర్లకు అమ్మాడు. తరువాత పశ్చిమ ప్రాంతపు హక్కులను 1,500 డాలర్లకు తిరిగి కొని, 1967లో కాలిఫోర్నియాలోని లాసెన్ ఫుడ్స్‌కు 18,000 డాలర్లకు అమ్మాడు. ఊరూరా ఆపిల్ విత్తనాలు నాటుకుంటూ తిరిగాడని అమెరికన్లు చెప్పుకునే జానీ ఆపిల్‌సీడ్‌తో పోల్చి, 1972లో టైమ్ పత్రిక ఆయనకు ‘జానీ గ్రనోలాసీడ్’ అని సరదాపేరు పెట్టింది. వంటింట్లో ఎవరైనా చేసుకోగల కలపడం, కాల్చడం అనే పనిని ఒక మనిషి మూడుసార్లు చేతులు మార్చి సొమ్ము చేసుకోగలిగాడు. ప్రకృతి జీవనం గురించి మాట్లాడిన ఉద్యమానికి ఇది మొదటి వ్యాపార పాఠం అనుకోవాలి.

1969 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని బెథెల్‌లో జరిగిన వుడ్‌స్టాక్ సంగీతోత్సవానికి అనుకున్నదానికి ఎన్నోరెట్లు జనం వచ్చారు. తిండి దుకాణాలు చేతులెత్తేశాయి. హాగ్ ఫార్మ్ అనే సమష్టి జీవన బృందం ముందుచూపుతో తెప్పించిన ఓట్స్, గోధుమనూక, పప్పులు, ఎండుపళ్ళతో ఉదయాహారం తయారుచేసి కాగితపు కప్పుల్లో పంచింది. ఆ సరుకు కొనుగోలు, వంట బాధ్యతల్లో లిసా లా ముందున్నది. పంచినది మ్యూస్లీనా, గ్రనోలానా అని తర్జనభర్జన పడేవారున్నారు. జనం జ్ఞాపకంలో మాత్రం గ్రనోలా అనే మాట ఆ తరానికి గుర్తుగా స్థిరపడిపోయింది. ఇంగ్లీషులో ‘గ్రనోలా’, ‘క్రంచీ’ అనే మాటలు ఒకరకం మనుషులను సూచించే విశేషణాలుగా కూడా మారాయి. ఇలా తిండి పేరు మనిషి పేరయ్యింది.

కంపెనీలు తిరిగి వచ్చాయి

1970 జూలైలో రాబర్ట్ చోట్ అనే పౌరుడు అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు సాక్ష్యమిస్తూ, బజారులో దొరికే అరవై రకాల పొడి ధాన్యాహారాల్లో నలభైకి పోషకవిలువ నామమాత్రమేనని ఆరోపించాడు. కంపెనీలు గట్టిగా ఖండించాయి కానీ, తల్లులలో అనుమానం పుట్టింది. మరుసటి ఏడాది ఫ్రాన్సెస్ మూర్ లాపే రాసిన ‘డైట్ ఫర్ ఎ స్మాల్ ప్లానెట్’ వెలువడి, ధాన్యాలు, పప్పుల కలయికతో మాంసకృత్తులు పొందవచ్చని లక్షలాది పాఠకులకు చెప్పింది. 1972లో పెట్ అనే కంపెనీ హార్ట్‌లాండ్ పేరుతో గ్రనోలాను దేశవ్యాప్తంగా అమ్మకానికి పెట్టింది. వెనువెంటనే క్వేకర్, కెల్లాగ్, జనరల్ మిల్స్ కంపెనీలు తమతమ రకాలను దించాయి. 1975లో నేచర్ వ్యాలీ గ్రనోలా కడ్డీలు వచ్చాయి. పెట్టెలమీద కొండలు, పొలాలు, గోధుమ కంకుల బొమ్మలు. లోపల చక్కెర, నూనె మోతాదులు తగ్గింది లేదు. కంపెనీలను నిరాకరించి పుట్టిన తిండి మూడేళ్ళలో కంపెనీలదే అయింది. జాక్సన్ నుంచి కెల్లాగ్, కెల్లాగ్ నుంచి పోస్ట్ తీసుకున్నట్లే ఇక్కడా జరిగింది. అయితే ఈసారి పేటెంట్ ఎవరి చేతిలోనూ లేదు. గ్రనోలా సాధారణ నామమైపోయింది. అందువల్లనే ఇంట్లో చేసుకునేవారు చేసుకుంటూనే ఉన్నారు.

రెండింటినీ చేసి చూడండి

చరిత్ర పాఠంలో వంట విధానమేమిటని మీకు సందేహం రావచ్చు. రెండు ఆహారాలకూ ఒకే పేరు ఉన్నా, వాటి కరకర పుట్టే తీరు వేరు. అది పుస్తకంలో చదివితే పూర్తిగా అర్థంకాదు. పళ్ళకు తెలుస్తుంది.

ఈనాటి గ్రనోలాకు మూడు కప్పుల రోల్డ్ ఓట్స్, ఒక కప్పు ముతకగా తరిగిన బాదం, జీడిపప్పు, అక్రోటు, గుమ్మడి గింజల వంటివి, చిటికెడు ఉప్పు తీసుకోండి. రెండు నిమిషాల్లో ఉడికే రకం ఓట్స్ వద్దు, అవి పొడిపొడిగా మాడతాయి. పావుకప్పు నూనె, మూడోవంతు కప్పు తేనె కలిపి కొద్దిగా వెచ్చచేసి, ప్రతి రేకుకూ అంటేలా పట్టించాలి. ట్రేలో పల్చగా పరచి, 150 డిగ్రీల సెల్సియస్ వేడిమీద సుమారు అరగంట కాల్చాలి. సగంలో ఒకసారి తిరగేసి, గరిటెతో అదిమి, ఆపైన కదపకుండా వదిలేస్తే ఉండలు కడుతుంది. ఓవెన్ లేనివారు మందపాటి మూకుడులో సన్నని సెగమీద వేయించవచ్చు, ఉండలు మాత్రం రావు.

తీసినప్పుడు మెత్తగా ఉంటుంది. కంగారుపడి మళ్ళీ లోపల పెట్టవద్దు. వేడిలో తేనెలోని నీరు ఆవిరై చిక్కటి పాకం అవుతుంది. వేడి తగ్గేకొద్దీ ఆ పాకం గాజులా బిగుసుకుంటుంది. వేరుశనగ అచ్చులు పోసేవారు చల్లారేదాకా ఎందుకు ఆగుతారో అదే కారణం. తేనెలో ఫ్రక్టోజ్ ఎక్కువ. అందువల్ల చక్కెరకంటే త్వరగా రంగు తిరుగుతుంది, గాలిలో తేమనూ త్వరగా పీలుస్తుంది. సెగ పెంచకూడదనడానికి, పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పెట్టాలనడానికి కారణం అదే. కిస్‌మిస్, ఖర్జూరం ముక్కలు చివర్లో, చల్లారాకే కలపాలి. ముందే వేస్తే రాళ్ళవుతాయి.

జాక్సన్ గ్రాన్యులాకు తీపి పాకం సాయం లేదు. ఆ గట్టిదనమంతా పిండిలోని తడిని పూర్తిగా తరిమేయడం వల్ల వచ్చినదే. మరలో ముతకగా ఆడించిన, జల్లించని గోధుమపిండిని నీటితో కలిపి, అప్పడం కంటే కొంచెం మందంగా ఒత్తి, సన్నని సెగమీద విరిగేదాకా కాల్చండి. విరిచి, మళ్ళీ కాల్చి, చల్లారాక రోట్లో ముతకగా దంచండి. రాత్రి పాలలో నానబెట్టి ఉదయం తినండి. నానబెట్టకుండా కొరకవద్దు. బాటిల్ క్రీక్‌లో గట్టి బిస్కట్టు కొరికి ఒకామె కట్టుడుపళ్ళు విరిగాయని, ఆమె పది డాలర్లు నష్టపరిహారం అడిగిందని, మెత్తటి రేకులు కనిపెట్టాలన్న ఆలోచన తనకు అప్పుడే కలిగిందని కెల్లాగ్ స్వయంగా చెప్పుకునేవాడు.